గాలికి జ్వరం చూసిన ఎండాకాలం

అమీర్‌పేటలో మా హాస్టల్లో ఎనభై మంది ఆడపిల్లలం ఉండేవాళ్ళం. డెబ్బై ఎనిమిది మంది కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటున్నారు, ఒకావిడ బ్యాంకు పరీక్షలకి చదువుతోంది, మిగిలింది నేను. నాది మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఈ మాట చెప్పగానే కొత్తగా చేరిన ప్రతి అమ్మాయీ ముందు నా మీద జాలిపడేది, తరవాత ఏ సందులో జావా బాగా చెప్తారో వివరించేది, నేను అడక్కుండానే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి మొదటి రెండు నెలల్లో సగం మందితో మాటలు మానేశాను. బాత్రూం దగ్గర బకెట్ల వరసలో అవసరం పడి మళ్ళీ కలిపాను.

మా ఊరు గుంటూరు జిల్లాలో. నేను మెకానికల్ తీసుకుంటానన్నప్పుడు నాన్న వారం రోజులు నాతో కలిసి అన్నానికి కూర్చోలేదు. చివరికి ఒప్పుకున్నాడు గానీ, ఆఖరి సంవత్సరం మొదలవుతుండగా నా చేత ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేయించుకుని ఒక షరతు పెట్టాడు. "ఈ ఏడు పాసైతే నీ ఇష్టం. ఏ లారీల కంపెనీలో చేరినా నోరెత్తను. తప్పావంటే మాత్రం నోరు మూసుకుని జావాలో చేరాలి. ఉన్నది అమీర్‌పేటలోనేగా, చెప్పులేసుకుని వెళ్ళొచ్చు" అన్నాడు. సరేనన్నాను. జావా మీద నాకేమీ పగ లేదు. అది నాకేం అన్యాయం చేసింది పాపం. కానీ ఇంజన్ మోత వింటే నాకు కడుపు నిండినట్టుంటుంది, ఆ సంగతి ఎవరికి చెప్పినా నవ్వేవాళ్ళు.

నవ్వని మనిషి ఒక్కతే. మా క్లాసులో అరవై మంది మగపిల్లల మధ్య మేం ఇద్దరమే ఆడపిల్లలం. రెండో ఆమెది పంజాగుట్ట. ప్రార్థన చెయ్యనిదే అన్నం ముట్టదు, అన్నం తిన్నాక ఎవరినో ఒకరిని ఆటపట్టించనిదే నిద్రపోదు. ప్రాజెక్టులో మేం ఇద్దరం ఒక జట్టు.

ఆ రోజుల్లో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అంటే చేసేది కాదు, తెచ్చుకునేది. అమీర్‌పేటలో మేడమెట్ల పక్కన గదులద్దెకి తీసుకుని ప్రాజెక్టు సెంటర్లు పెట్టేవాళ్ళు. లోపలికి వెళ్తే హోటల్లో మెనూ ఇచ్చినట్టు ఒక జిరాక్సు కాగితాల కట్ట చేతికిచ్చేవాళ్ళు. కావలసిన పేరు చూపిస్తే వారంలో బంగారు అక్షరాల అట్టతో రిపోర్టు వచ్చేది. మాకిచ్చిన కట్టలో నూట ఎనభై కంప్యూటర్ ప్రాజెక్టుల తరవాత, చిట్టచివర, నాలుగు మెకానికల్ ఉన్నాయి. అందులో ఒకటి "లారీ ఇంజన్లలో టర్బోఛార్జర్, సూపర్‌ఛార్జర్ వాడినప్పుడు లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రతల పోలిక". పేరు పొడుగ్గా ఉంది, సార్లకి పొడుగు పేర్లంటే గౌరవం. అదే తీసుకున్నాం.

సంగతి నిజానికి తేలికైనది. ఇంజన్‌కి ఎక్కువ గాలి అందిస్తే ఎక్కువ బలం వస్తుంది. ఆ గాలిని లోపలికి తోసే మిషన్లు రెండు రకాలు. టర్బోఛార్జర్‌ని బయటికి పోయే పొగే తిప్పుతుంది. సూపర్‌ఛార్జర్‌ని ఇంజనే బెల్టుతోనో పళ్ళచక్రంతోనో తిప్పుకుంటుంది. ఏది తోసినా గాలి ఒత్తుకుపోయి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పూరీలా ఉబ్బుతుంది, చూడ్డానికి పెద్దది, లోపల సరుకు తక్కువ. ఇంజన్‌కి కావలసింది సరుకు. అందుకని ఏ మిషను గాలిని తక్కువ వేడి చేస్తుందో తేల్చడమే ఆ ప్రాజెక్టు.

రిపోర్టు తీసుకెళ్ళి మా గైడ్ సార్ బల్ల మీద పెట్టాం. ఆయన కోస్తా మనిషి, సన్నగా ఉంటాడు, గొంతు ఎప్పుడూ పెంచడు. మిగతా సార్లు అట్ట చూసి సంతకం పెట్టేస్తారని పేరు. ఈయన పేజీలు తిప్పి ఒక పట్టిక దగ్గర వేలు పెట్టాడు.

"బయటి గాలి ఇరవై డిగ్రీలని రాశారు. ఏప్రిల్లో ఇరవై డిగ్రీలు ఎక్కడమ్మా, ఊటీలో కొలిచారా?"

నా స్నేహితురాలు తడుముకోలేదు. "ఏసీలో పెట్టి కొలిచినం సార్" అంది.

"లారీని ఏసీలో పెట్టారా?"

"చిన్న లారీ సార్."

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "పదిహేను రోజులు టైమిస్తున్నాను. మీ చేతుల్తో మీరు కొలిచిన అంకెలు తెండి. లేకపోతే నేను సంతకం పెట్టను. సంతకం లేనిదే వైవా లేదు, ఆ సంగతి మీకు తెలుసు" అన్నాడు. వైవా లేకపోతే ఏడాది పోయినట్టే, ఏడాది పోతే చెప్పులేసుకుని జావాకి వెళ్ళాలి. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. నాకు ఏడుపూ ఆమెకి నవ్వూ ఒకేసారి వచ్చాయి. కాసేపటికి ఏది ఎవరిదో తెలీలేదు.

కాలేజీ ల్యాబ్‌లోంచి, సార్ చీటీ మీద, వేడి కొలిచే డిజిటల్ మీటరు తెచ్చుకున్నాం. దానికి సన్నటి తీగ ఉంటుంది, ఆ తీగ కొస ఎక్కడ తగిలితే అక్కడి వేడిని అంకెల్లో చూపిస్తుంది. ఆ సాయంత్రం హాస్టల్లో దానికి ఊపిరి సలపలేదు. టీ కొలిచారు, సాంబారు కొలిచారు, ఒకమ్మాయి చంకలో పెట్టుకుని తనకి జ్వరమని మర్నాడు క్లాసు ఎగ్గొట్టింది. పొద్దున్నే గీజర్ నీళ్ళు కొలిస్తే ముప్పై ఒకటి చూపించింది, పంపు నీళ్ళు ముప్పై రెండు. ఈ సంగతి నాలుగంతస్తులకీ పాకింది. వార్డెన్ ఆంటీ రెండు రోజులు నాకు పెరుగు వెయ్యలేదు.

ఇక లారీ కావాలి. పగటిపూట సిటీలోకి లారీలని రానివ్వరు. మా సందులోకి రోజూ అడ్డు లేకుండా వచ్చేది నీళ్ళ ట్యాంకర్ ఒక్కటే. ఆ ట్యాంకర్ నడిపే అన్న ముప్పై ఐదేళ్ళ మనిషి, ఎప్పుడూ చిరాగ్గా ఉండేవాడు, ఎనభై మంది అమ్మాయిలు ఆలస్యమైందని తిడుతుంటే ఎవరు మాత్రం చిరాకుపడరు.

"అన్నా, మీ బండికి టర్బో ఉందా?" అని అడిగాను.

"వెనక గంత పెద్దగ రాసి ఉన్నది గద. సదువుకున్నోళ్ళు, కనబడ్తలేదా?"

నిజమే, మట్టి పట్టిన వెనక భాగం మీద ఎర్ర రంగుతో 'టర్బో' అని ఉంది. ఆయనే రాయించుకున్నాడట. సంగతంతా చెప్పాను. టర్బో నుంచి ఇంజన్‌కి పోయే పైపులో మీటరు తీగ దూర్చాలి, బండి బరువుతో ఎత్తు ఎక్కాలి, మేం క్యాబిన్‌లో కూర్చుని అంకెలు రాసుకోవాలి.

"నా బండికి ఏమన్న ఐతదా?"

"ఏం కాదన్నా."

"మరి గీ పరీక్ష మీకా, నా బండికా?"

"మాకే" అంది నా స్నేహితురాలు. "నీ బండి ఎప్పుడో పాసైంది అన్నా, మేమే పాస్ కావాలె."

ఆ మాటకి ఆయన కరిగాడు. తనే బానెట్ ఎత్తి, పైపుకి రబ్బరు జాయింటు ఉన్నచోట క్లిప్పు వదులు చేసి, తీగ లోపలికి దూర్చి బిగించాడు. తీగని కిటికీలోంచి క్యాబిన్‌లోకి లాగాం. అప్పుడు గుర్తొచ్చింది, బరువు కావాలంటే ట్యాంకులో నీళ్ళు ఉండాలి. అంటే నీళ్ళు దింపకముందే వెళ్ళాలి. పైన పంపుల్లో చుక్క రావడం లేదు, సగం మంది తలకి షాంపూ పెట్టుకుని బాల్కనీల్లో నిలబడి ఉన్నారు.

"ఏంటమ్మా ఇది? వచ్చిన నీళ్ళు దింపకుండా మీరు లారీ ఎక్కుతారేంటి?" అని వార్డెన్ ఆంటీ కింది నుంచి, మిగతావాళ్ళు పై నుంచి అందుకున్నారు. అరగంటలో తెస్తామని నేను క్యాబిన్‌లోంచి చెయ్యి ఊపాను. అన్న గేరు వేశాడు.

అమీర్‌పేట సెంటర్ దాటి, పంజాగుట్ట మీదుగా బంజారాహిల్స్ ఎక్కే రోడ్డు పట్టాం. జీవితంలో అంతకుముందు నేను అంత ఎత్తులో కూర్చుని పంజాగుట్టని చూడలేదు. ఆటోలన్నీ కాళ్ళ దగ్గర పాకుతున్నాయి. బయట ముప్పై తొమ్మిది డిగ్రీలు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పైపులో గాలి యాభై రెండు. బండి కదిలింది, అరవై. ఎత్తు మొదలైంది, డెబ్బై ఎనిమిది. నేను పెద్దగా చదువుతుంటే నా స్నేహితురాలు ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాస్తోంది, గతుకు పడ్డప్పుడల్లా ఏడు కాస్తా ఒకటవుతోంది. తొంభై. ఈలోగా అన్నకి ఉషారొచ్చింది. "ఎంతుంది ఇప్పుడు?" అని అడగడం, చెప్పగానే పాదం ఇంకా తొక్కడం. "నూరు దాటాలె, మన బండి ఇజ్జత్ సంగతి" అన్నాడు. నూట అయిదు. నూట తొమ్మిది. వెనకాల ట్యాంకులో నీళ్ళు దబదబ కొట్టుకుంటున్నాయి, ముగ్గురం కేకలు పెడుతున్నాం, పక్కన స్కూటర్ మీద పోతున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఎవరో ఎత్తుకుపోతున్నారని భయపడి కాసేపు వెంబడించాడు కూడా. ఎత్తు మీద మీటరు నూట పన్నెండు చూపించింది. అన్న స్టీరింగ్ మీద దరువు వేశాడు.

దిగేటప్పుడు అసలు సంగతి చెప్పాల్సొచ్చింది. అంకె ఎంత తక్కువుంటే మిషను అంత మంచిదని. ఆయన ముఖం చిన్నబోయింది. "ముందే చెప్తే మెల్లగ నడిపేటోణ్ణి గద చెల్లె" అన్నాడు. హాస్టల్‌కి వచ్చేసరికి తలలకి షాంపూ ఎండిపోయి పిల్లలు దేవతల్లా తెల్లగా నిలబడి ఉన్నారు. ఆ రోజు నేను తిన్న తిట్లు రాయడం కుదరదు.

టర్బో అయింది. సూపర్‌ఛార్జర్ ఎక్కడ? ఖైరతాబాద్ నుంచి మాసబ్ ట్యాంక్ దాకా కనబడ్డ ప్రతి లారీ షెడ్డులోనూ అడిగాం. కొందరు అలాంటి పేరే వినలేదన్నారు, కొందరు ఇక్కడి లారీలకి అవి పెట్టరన్నారు. ఆరు రోజులు పోయాయి. ఏడో రోజు నీళ్ళు దింపుతూ ట్యాంకర్ అన్న నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. పాఠ్యపుస్తకం తెరిచి బొమ్మ చూపించాను. డబ్బాలో పక్కపక్కనే తిరిగే రెండు లావాటి రెక్కలు, ఎనిమిది అంకె ఆకారంలో.

"గిది బ్లోయర్ గద" అన్నాడు. "మా బామ్మర్ది బండికి ఉన్నది. రేపు మీ హాస్టల్‌కే వస్తుండు."

పుస్తకంలో కూడా దాని మరో పేరు బ్లోయర్ అనే రాసి ఉంది. ఆ రాత్రి నాకు అన్నం రుచిగా ఉంది, వార్డెన్ ఆంటీ పులుసు కూడా.

మర్నాడు లారీ కంటే ముందు వాసన వచ్చింది. హాస్టల్ సెప్టిక్ ట్యాంకు నిండిపోతే ఆంటీ కబురు పెట్టిందట, వచ్చింది ఆ బండే. దిగిన బామ్మర్ది మాత్రం ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, చెవిలో అత్తరు దూది పెట్టుకుని, పెళ్ళికొచ్చినవాడిలా ఉన్నాడు. మాట తక్కువ. ట్యాంకు కింద పక్కగా బిగించి ఉన్న మిషను చూపించి, "ఇదే" అన్నాడు. నా స్నేహితురాలు ఒక చేత్తో చున్నీతో ముక్కు మూసుకుని రెండో చేత్తో పుస్తకం పక్కన పెట్టి చూసింది. అచ్చం అదే బొమ్మ. ఇంజన్ నుంచి వచ్చే ఇరుసుతోనే తిరుగుతుందట. "ప్రైజ్ ది లార్డ్" అని చున్నీలోంచే అంది. నేను అక్కడే గంతేశాను.

బామ్మర్ది ఓపిగ్గా చెప్పాడు, ఒక పిడి ఇటు తిప్పితే మిషను పీలుస్తుందనీ, ఊరి బయట ఖాళీ చేసేటప్పుడు అటు తిప్పితే ఊదుతుందనీ. మేం సగం విన్నాం. గాలి బయటికొచ్చే గొట్టం మీద తీగ పెట్టాం. తొంభై ఎనిమిది డిగ్రీలు. ఫొటోలు తీసుకున్నాం. ఆ గొట్టం చివరికి ఎక్కడికి పోతోందో వంగి చూడాలని నాకు అనిపించకపోలేదు. కానీ వంగితే వాసన ఇంకా దగ్గరవుతుంది. ఇంజన్లోకే పోతుందిలే, ఇంకెక్కడికి పోతుంది అనుకున్నాం.

పంజాగుట్ట స్టూడియోలో ఫొటోలు కడిగించి, రిపోర్టు కొత్తగా టైపు చేయించి, గడువుకి మూడు రోజుల ముందే గర్వంగా సార్ బల్ల మీద పెట్టాం. ఆయన అంకెలు చూశాడు, తల ఊపాడు. తరవాత ఫొటో చూశాడు. నేను మిషను మీదే దృష్టి పెట్టి తీసిన ఆ ఫొటోలో వెనక ట్యాంకు మీది అక్షరాలు కూడా చక్కగా పడ్డాయి. "సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయబడును".

"ఈ గాలి ఇంజన్లోకి పోతోందా అమ్మా?"

"అవును సార్."

"పైపు వెంట చూశారా?"

"వాసన సార్" అంది నా స్నేహితురాలు.

"ఇది ఇంజన్‌కి గాలి ఇవ్వదు. ట్యాంకులోంచి గాలి లాగేసి, ఆ ఖాళీతో మురికిని పైకి పీలుస్తుంది. కాబట్టి మీరు కొలిచింది..." అని ఆగాడు. "మీరు కొలిచింది ఏ గాలో నా నోటితో చెప్పించకండి."

రిపోర్టు మూసి మా వైపు జరిపాడు. వరండాలోకి వచ్చాక ఈసారి ఇద్దరం ఏడ్చాం. మూడు రోజుల్లో ఇంకో సూపర్‌ఛార్జర్ ఎక్కడ దొరుకుతుంది. నాన్నకి ఏం చెప్పాలి, సెప్టిక్ ట్యాంకు వల్ల తప్పానని చెప్పాలా. ఆ వాక్యం ఫోన్లో ఎలా చెప్తానో ఊహించుకుంటే ఏడుస్తూనే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక బామ్మర్ది మాట గుర్తొచ్చింది. పిడి అటు తిప్పితే ఊదుతుంది. ఊదేటప్పుడు అది పీల్చేది బయటి మంచి గాలిని. దాన్నే ఒత్తిడితో ట్యాంకులోకి తోస్తుంది.

తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళిపోయాను. కోపంగా ఉన్నాననుకుంటాను, ఎవరి మీదో తెలీదు. "సార్, పిడి తిప్పితే అది బయటి గాలిని పీల్చి ట్యాంకులోకి తోస్తుంది. సూపర్‌ఛార్జర్ చేసేదీ అదే. తోసిన గాలి ఇంజన్లోకి పోతోందా, ట్యాంకులోకి పోతోందా అన్నది ఆ మిషనుకి తెలీదు సార్. దానికి తెలిసింది తొయ్యడమే. గాలి వేడెక్కడం రెండుచోట్లా ఒకటే" అన్నాను.

"ఒత్తిడి రెండిటికీ ఒకటే ఉండాలి. లేకపోతే పోలిక కాదు" అన్నాడు సార్. తరవాత, "రేపు సాయంత్రం నాలుగింటికి నేను వస్తాను. బండ్లు రెండూ ఉండాలి. మంచి గాలితో కొలిచి, అది ఏ మిషనో దాచకుండా రాస్తే చూద్దాం" అన్నాడు.

మర్నాడు నాలుగింటికి హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో రెండు లారీలూ పక్కపక్కన నిలబడ్డాయి. బామ్మర్ది తన ట్యాంకుని లోపలా బయటా కడిగించి తెచ్చాడు. సార్ వస్తున్నాడని పిడికి గుడ్డ కూడా చుట్టాడు. ట్యాంకర్ అన్న మెకానిక్ చేత టర్బో పైపుకి చిన్న ముక్కు వేయించి తెచ్చాడు, ఒత్తిడి చూసే గేజ్ తగిలించడానికి. సార్‌ని తీసుకురావడానికి నేను సందు మొదటికి వెళ్ళాను. ఆయన చేతిసంచీలో ల్యాబ్ గేజ్ పెట్టుకుని, దారి అడగకుండా, చకచకా వచ్చేస్తున్నాడు. మూలమీది జిరాక్సు షాపాయన ఆయన్ని చూసి చెయ్యెత్తాడు.

"సార్, నిన్నటి జావా నోట్సు తీసి పెట్టిన. ఐదింటి బ్యాచ్‌కే గద మీరు, ఇప్పుడే తీస్కపోతరా?"

సార్ ఆగిపోయాడు. నా వైపు చూడకుండా ఆ కాగితాలు తీసుకుని సంచీలో పెట్టుకున్నాడు. పదడుగులు నడిచాక మెల్లగా అన్నాడు, "వచ్చే ఏడు మన బ్రాంచిలో సీట్లు సగం చేస్తారంటున్నారమ్మా. నాకూ ఇంట్లో చెప్పేవాళ్ళుంటారు కదా."

నాకు జావా అంటే శిక్ష. ఈ మనిషికి అప్పటికే పడిపోయింది ఆ శిక్ష, అయినా మా చేత నిజం అంకెలు తెప్పించడానికి మొండికేశాడు. ఆయన మీద రెండు వారాలుగా పడ్డ కోపమంతా ఎటుపోయిందో తెలీలేదు. "మంచి బ్యాచేనా సార్?" అని అడిగాను. "నాకేం అర్థం కావట్లేదు" అన్నాడు.

లారీలు కనబడగానే మాత్రం మనిషి మారిపోయాడు. చొక్కా చేతులు మడిచి, రుమాలు ముక్కుకి కట్టుకుని, మేం వంగని చోట వంగి, పైపు మొదలు నుంచి చివరి దాకా వేలితో తడుముతూ చూశాడు. బామ్మర్దిని ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ఆ బామ్మర్దిని అంత గౌరవంగా ఎవరూ ఏదీ అడిగినట్టు లేరు, ఆయన అత్తరు దూది తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

ముందు ట్యాంకర్. నలుగురం క్యాబిన్‌లో ఇరుక్కుని అదే ఎత్తు ఎక్కాం. గేజ్ అర కిలో ఒత్తిడి దగ్గర నిలిచేలా నడపమన్నాడు సార్. అన్న ఈసారి గుడ్డు మీద కాలు పెట్టినట్టు నడిపాడు. వెనక బస్సులు హారన్లు మోగిస్తున్నా అదరలేదు. ముల్లు అర కిలో మీద నిలబడింది. మీటరు తొంభై మూడు. "రాయి, రాయి" అని సార్ నా స్నేహితురాలి మోచెయ్యి తట్టాడు.

తిరిగొచ్చి బ్లోయర్. బామ్మర్ది ట్యాంకు మూతలన్నీ బిగించి, పిడి అటు తిప్పి, ఇంజన్ పెంచాడు. మంచి గాలి బుసకొడుతూ లోపలికి పోతోంది. హాస్టల్ బాల్కనీలన్నీ నిండిపోయాయి, అందరూ ముక్కులు మూసుకునే చూస్తున్నారు, అలవాటు కొద్దీ. గేజ్ అర కిలో తాకింది. మీటరు నూట నాలుగు.

ఒకే ఒత్తిడికి టర్బో గాలి తొంభై మూడు, బ్లోయర్ గాలి నూట నాలుగు. ఈ రెండు అంకెలూ మావి. ఇద్దరం చేతులు పట్టుకుని బురదలో గిరగిరా తిరిగాం. ట్యాంకర్ అన్న, "చూసినవా బామ్మర్దీ, నాది సల్లగున్నది" అని మీసం మీద చెయ్యేశాడు. బామ్మర్ది తన మిషను మీద చెయ్యి ఆనించి చూసుకున్నాడు.

సార్ రిపోర్టు ట్యాంకర్ మడ్‌గార్డ్ మీద పెట్టి, పాత పట్టిక కొట్టేసి, కొత్త అంకెలు తన చేత్తో వేసి, పక్కన "సూపర్‌ఛార్జర్ బదులు సెప్టిక్ ట్యాంకు లారీ బ్లోయర్ వాడడమైనది. నేను దగ్గరుండి చూశాను" అని రాసి సంతకం పెట్టాడు. నాన్న మాట తప్పే మనిషి కాదు. ఆ సంతకం చూస్తుంటే కళ్ళు మసకబారాయి, ఎవరూ చూడకుండా చున్నీతో ఒత్తుకున్నాను. చున్నీకి ఇంకా ఆ వాసనే.

సార్ వాచీ చూసుకున్నాడు. అయిదు కావస్తోంది. సంచీ భుజానికి తగిలించుకున్నాడు. అప్పుడు బామ్మర్ది అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"సార్, పొద్దటి సంది ఎండల ఉన్నది బండి. మిషను ముందే వేడెక్కి ఉండె. జర సల్లబడ్డంక ఇంకొక్కసారి చూడుండ్రి. నా బండికి అన్యాయం చెయ్యొద్దు."

సార్ ఆయన్ని చూశాడు, మిషనుని చూశాడు, సందు చివర జావా క్లాసు ఉన్న వైపు చూశాడు. "పాయింటే" అన్నాడు. సంచీ తీసి ట్యాంకర్ క్యాబిన్‌లో పెట్టాడు, నోట్సుతో సహా. మిషను చల్లారే దాకా ముప్పావు గంట మేం అయిదుగురం లారీ నీడలో కూర్చుని టీ తాగాం. సార్ తను చదువుకునే రోజుల్లో విప్పిన ఇంజన్ల గురించి చెప్తూనే ఉన్నాడు. అయిదుంపావు అయింది, అయిదున్నర అయింది, ఆయన మళ్ళీ వాచీ చూడలేదు.

తరవాత లేచి, నా చేతిలోంచి మీటరు తీసుకున్నాడు. "నువ్వు గేజ్ చూడు, వేడి నేను చూస్తాను" అన్నాడు. మా రిపోర్టు మీద సంతకం ఎప్పుడో ఆరిపోయింది. ఇప్పుడొచ్చే అంకె ఏ పట్టికలోకీ ఎక్కదు, ఏ పరీక్షకీ పనికిరాదు. బామ్మర్ది పిడి తిప్పాడు. అయినా అందరం ఊపిరి బిగబట్టాం.